పదిహేను మంది కూర్చునే తరగతి

(అమెరికాలోని చిన్న ప్రైవేటు లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో డిగ్రీ చదువు గురించి, ఇంటర్ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అనగానే మన ఇళ్లలో మొదట వచ్చే మాట, "మావాడు ఎంపీసీ కదండీ, ఆర్ట్స్ ఎందుకు?" అని. ముందు దాని సంగతి తేల్చుకుందాం.

మన దగ్గర ఆర్ట్స్ అంటే హెచ్‌ఈసీ, సీఈసీ. అక్కడ ఆ మాటకు ఆ అర్థం లేదు. గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఎకనామిక్స్, చాలా చోట్ల కంప్యూటర్ సైన్స్ కూడా అందులోవే. 1989లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న థామస్ చెక్ డిగ్రీ చదివింది అయోవా రాష్ట్రంలోని గ్రినెల్ కాలేజీలో. 2020లో అదే బహుమతి అందుకున్న జెనిఫర్ డౌడ్నా కాలిఫోర్నియాలోని పొమోనా కాలేజీ విద్యార్థిని. 1989లోనే వైద్యశాస్త్రంలో నోబెల్ అందుకున్న హెరాల్డ్ వార్మస్ అయితే ఆమ్‌హర్స్ట్ కాలేజీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివి, ఆ తర్వాత వైద్యం వైపు వెళ్లాడు. కాబట్టి ఎంపీసీ పిల్లాడికి ఇది పరాయి దారి కాదు.

మరి ఈ కాలేజీల ప్రత్యేకత ఏమిటి? సైజు. మసాచుసెట్స్‌లోని విలియమ్స్ కాలేజీ 1793 నుంచి ఉంది, ఇప్పటికీ మొత్తం విద్యార్థులు సుమారు 2,100 మందే. మన దగ్గర పేరున్న ఇంజినీరింగ్ కాలేజీలో ఒక్క ఏడాది చేరేవాళ్లు అంతమంది ఉంటారు. ఈ కాలేజీల్లో దాదాపు అందరూ డిగ్రీ విద్యార్థులే, పీహెచ్‌డీ వాళ్లు ఉండరు. అంటే పాఠం చెప్పేదీ, పేపర్లు దిద్దేదీ, ల్యాబ్‌లో పక్కన నిలబడేదీ ప్రొఫెసరే. పెద్ద స్టేట్ యూనివర్సిటీలో మొదటి ఏడాది కెమిస్ట్రీ తరగతిలో రెండు మూడు వందల మంది కూర్చుంటారు, సందేహాలు తీర్చేది పరిశోధక విద్యార్థి. ఇక్కడ తరగతిలో పదిహేను, ఇరవై మంది. మీరు కట్టే ఫీజులో పెద్ద వాటా ఈ ప్రొఫెసర్ల సమయానికి వెళ్తుంది. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆ సమయం మీకు నిజంగా దొరుకుతుందా, దొరికితే మీరు వాడుకుంటారా, దానికి అయ్యే డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? ఈ పూట చెప్పబోయేదంతా ఈ మూడింటి గురించే.

మన దేశంలోనూ ఈ నమూనా వచ్చింది. తిరుపతి జిల్లా శ్రీసిటీలో క్రియా, హర్యానా సోనీపత్‌లో అశోకా, పుణేలో ఫ్లేమ్ ఉన్నాయి. వాటిని కూడా తప్పకుండా చూడండి. కానీ ఎక్కువమంది అడుగుతున్నది అమెరికా సంగతి కనుక అక్కడికే పరిమితమవుతాను.

డిగ్రీ ఎలా కట్టారో చూద్దాం. నాలుగేళ్లు, ఎనిమిది సెమిస్టర్లు, సెమిస్టర్‌కు నాలుగు కోర్సులు, మొత్తం 32. చాలా కాలేజీల్లో లెక్క ఇదే. ఇందులో మీ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, పది పన్నెండు కోర్సులు తీసుకుంటుంది. మిగతా ఇరవై దాకా మీ చేతిలో ఉంటాయి, లేదా కాలేజీ పెట్టిన నియమాలకు పోతాయి. చేరేటప్పుడు బ్రాంచి ఉండదు. రెండో ఏడాది చివరికల్లా మేజర్ ప్రకటించాలి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లో ఒక్క పూటలో బ్రాంచి ఎంచుకునే మనకు ఇది వింతగా ఉంటుంది.

నియమాలు ఒక్కో కాలేజీలో ఒక్కోలా ఉంటాయి, ఇక్కడే అప్లై చేసే పిల్లలు పొరపడతారు. ఆమ్‌హర్స్ట్‌లో మొదటి ఏడాది ఒక సెమినార్ తప్పనిసరి, ఆ పైన మేజర్ తప్ప వేరే నిర్బంధం లేదు. గ్రినెల్‌లోనూ అంతే, మొదటి సెమిస్టర్ ట్యుటోరియల్ ఒక్కటే అందరికీ. ఒరెగన్‌లోని రీడ్ కాలేజీ దీనికి పూర్తిగా భిన్నం. మొదటి ఏడాది అందరూ హ్యుమానిటీస్ కోర్సు చదవాలి, మూడో ఏడాది అర్హత పరీక్ష దాటాలి, నాలుగో ఏడాదంతా థీసిస్ రాయాలి. ఫిజిక్స్ వాళ్లయినా సరే. అదే కాలేజీలో పరిశోధన అణు రియాక్టర్ ఉంది, లైసెన్సు తీసుకుని దాన్ని నడిపేది ఎక్కువగా డిగ్రీ విద్యార్థులే. మిన్నెసోటాలోని కార్ల్‌టన్‌లో సెమిస్టర్లు ఉండవు, పది వారాల టర్ములు మూడు, టర్ముకు మూడు కోర్సులు. పది వారాలంటే మూడో వారంలో జ్వరం వచ్చి పడుకుంటే నాలుగో వారానికి మిడ్‌టర్మ్ మీద పడుతుంది. స్వార్థ్‌మోర్‌లో ఆనర్స్ తీసుకుంటే ఆఖర్న పరీక్ష పెట్టేది బయటి కాలేజీల నుంచి వచ్చే ప్రొఫెసర్లు. ఒహాయోలోని వూస్టర్ కాలేజీలో ప్రతి విద్యార్థీ ఒక ప్రొఫెసర్ దగ్గర స్వతంత్ర పరిశోధన పూర్తి చేయాల్సిందే. "నాకు లిబరల్ ఆర్ట్స్ ఇష్టం" అని వ్యాసంలో రాసే పిల్లలకు ఈ తేడాలు తెలియకపోతే ఆ సంగతి అడ్మిషన్ ఆఫీసు వాళ్లకు రెండు వాక్యాల్లో తెలిసిపోతుంది.

ఇప్పుడు తరగతిలోకి వెళ్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను, మన పిల్లలు దెబ్బతినేది ఇక్కడే కాబట్టి.

ఒక సెమినార్ అనుకోండి. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి 80 నిమిషాలు. పొడవాటి బల్ల చుట్టూ పదిహేను మంది, ప్రొఫెసర్ కూడా అదే బల్ల దగ్గర. ఒక్కో తరగతికి నలభై నుంచి అరవై పేజీలు చదువుకుని రావాలి. ప్రొఫెసర్ పాఠం చెప్పరు, ప్రశ్న వేసి ఊరుకుంటారు. సిలబస్‌లో చూస్తే తరగతిలో మాట్లాడటానికి పది నుంచి ఇరవై శాతం మార్కులు ఉంటాయి. మన కార్పొరేట్ కాలేజీ నుంచి వెళ్లిన పిల్ల రాత్రి రెండు దాకా మేలుకుని అరవై పేజీలూ మూడుసార్లు చదువుతుంది. తరగతిలో మాత్రం నోరు విప్పదు. తెలియక కాదు. సరైన జవాబు పూర్తిగా కుదిరాక మాట్లాడదామని ఆగుతుంది. అది కుదిరేసరికి చర్చ రెండు మలుపులు దాటిపోతుంది. ఇలా నాలుగు వారాలు గడిస్తే ఇక మాట్లాడటమే కష్టమవుతుంది.

దీనికి పని చేసే పద్ధతి ఒకటి ఉంది. చదివేటప్పుడు ఒక కాగితం మీద మూడంటే మూడు రాసుకోండి. మీకు అర్థం కాని వాక్యం ఒకటి, పేజీ నంబరుతో సహా. మీరు ఒప్పుకోని వాక్యం ఒకటి, ఎందుకు ఒప్పుకోరో ఒక్క లైనులో. ముందు వారం చదివినదానితో ఎక్కడ కలుస్తుందో లేదా ఎక్కడ తేడా వస్తుందో ఒకటి. తరగతి మొదలైన పావుగంటలోపే ఈ మూడింట్లో ఏదో ఒకటి బయటపెట్టేయండి. "43వ పేజీలో ఈ మాట నాకు అర్థం కాలేదు" అనడం అక్కడ తక్కువతనం కాదు, చాలాసార్లు ఆ రోజు చర్చ దాన్నే పట్టుకుని నడుస్తుంది. అరవై పేజీలనూ ఒకే శ్రద్ధతో చదవకండి. ముందు మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు చదివి, రచయిత ఏం వాదిస్తున్నాడో పట్టుకుని, ఆ తర్వాత మధ్యలోకి వెళ్లండి. వారానికి నాలుగు కోర్సుల చదువు కలిపితే రెండు మూడు వందల పేజీలు అవుతుంది. అక్షరం అక్షరం చదివితే నిద్ర ఉండదు.

ఇక పేపర్ రాయడం. ఐదు పేజీల వ్యాసం అంటే 1,250 నుంచి 1,500 పదాలు. మనవాళ్లు రాసే మొదటి పేపర్ ఎలా ఉంటుందంటే, మొదటి పేరాలో విషయ ప్రాముఖ్యం, తర్వాత రచయిత పరిచయం, తర్వాత పుస్తకంలో ఉన్నదంతా వరసగా, చివర ముగింపు. ఇంటర్‌లో ఎనిమిది మార్కుల ప్రశ్నకు ఇదే జవాబు. అక్కడ దీనికి బీ మైనస్ వస్తుంది, పక్కన "నీ వాదన ఏమిటి?" అని రాసి ఉంటుంది. వాళ్లకు కావలసింది, తెలివైన మనిషి కాదనగలిగే ఒక మాట. ఎవరూ కాదనలేనిదైతే అది వాదన కాదు, సమాచారం. ఉదాహరణకు "ఈ నవలలో పేదరికం చూపించారు" అన్నది సమాచారం. "ఈ నవలలో పేదరికాన్ని చూపించేది యజమాని కళ్లతో, కూలివాడి మాట ఒక్కసారి కూడా నేరుగా వినిపించదు" అంటే వాదన. దాన్ని పుస్తకం తెరిచి నిరూపించాలి.

పేపర్ ఇవ్వాల్సింది శుక్రవారం అయితే, ముందు శుక్రవారానికే ఆ ఒక్క వాక్యం, దానికి మూడు ఆధారాలు కాగితం మీద పెట్టుకుని ప్రొఫెసర్ ఆఫీసు అవర్స్‌కు, అంటే విద్యార్థుల కోసం ఆయన తన గదిలో ఉండే వేళకు వెళ్లండి. ఇరవై నిమిషాలు చాలు. సోమవారానికి మొదటి డ్రాఫ్ట్. మంగళవారం రైటింగ్ సెంటర్, అక్కడ శిక్షణ పొందిన సీనియర్ విద్యార్థులు మీ పక్కన కూర్చుని చదువుతారు, ఫీజు ఉండదు. వాళ్లు ఇంగ్లిష్ దిద్దిపెట్టరు, వాదన ఎక్కడ తెగిందో చూపిస్తారు. బుధ, గురువారాలు తిరగరాయడం. ఆఫీసు అవర్స్‌కు వెళ్తే తెలివితక్కువవాడు అనుకుంటారేమో అన్న భయం మనవాళ్లలో బాగా పాతుకుపోయింది. ఆ గదిలో గడిపే ఇరవై నిమిషాలే మీరు ఫీజు కట్టి కొనుక్కున్నవి. మూడేళ్ల తర్వాత పీహెచ్‌డీకి సిఫారసు లేఖ రాసేది కూడా ఆ గదిలో కూర్చున్న మనిషే.

విలియమ్స్‌లో ట్యుటోరియల్ అని ఉంది, దాని గురించి ఒక్క మాట చెప్పాలి. ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్. ఒక వారం ఒకరు ఐదారు పేజీలు రాసి చదువుతారు, రెండోవాళ్లు విమర్శిస్తారు. వచ్చే వారం తారుమారు. దాక్కోవడానికి చోటు లేదు. డిగ్రీ స్థాయిలో ఇంతకు మించిన శిక్షణ ఉందని నేననుకోను.

కాపీ సంగతి కూడా చెప్పాలి. ఇంటర్నెట్‌లో దొరికిన పేరాని మాటలు మార్చి రాసినా, మూలం చెప్పకపోతే అది దొంగతనమే అక్కడ. పెన్సిల్వేనియాలోని హేవర్‌ఫర్డ్ లాంటి కాలేజీల్లో విద్యార్థులే నడుపుకునే ఆనర్ కోడ్, అంటే నిజాయితీ నియమావళి ఉంది. ఇన్విజిలేటర్ లేకుండా, మీకు వీలైన వేళ పరీక్ష రాసి కవరులో పెట్టి ఇచ్చేస్తారు. అంత నమ్మకం పెట్టినచోట తప్పు చేస్తే శిక్ష కూడా అంత గట్టిగానే ఉంటుంది. సెమిస్టర్ పాటు సస్పెండ్ అయితే వీసా హోదా కూడా పోతుంది.

చిన్న కాలేజీలో చిక్కులు కూడా సైజు చిన్నది కావడం వల్లే వస్తాయి. ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో ఐదుగురే ప్రొఫెసర్లు ఉంటారు. పైస్థాయి కోర్సులు కొన్ని ఏడాది విడిచి ఏడాది చెప్తారు. క్వాంటమ్ మెకానిక్స్ ఈ ఏడాది ఉండి, వచ్చే ఏడాది లేకపోవచ్చు. మీరు మూడో ఏడాది ఒక సెమిస్టర్ వేరే దేశంలో చదవడానికి వెళ్లి, సరిగ్గా ఆ కోర్సు ఉన్న సెమిస్టర్ పోగొట్టుకుంటే నాలుగో ఏడాది ఇరుక్కుపోతారు. పైగా ప్రొఫెసర్లు కొన్నేళ్లకొకసారి సబాటికల్, అంటే పరిశోధన కోసం పెద్ద సెలవు తీసుకుంటారు. అందుకే మొదటి సెమిస్టర్‌లోనే డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు వెళ్లి, వచ్చే మూడేళ్లలో ఏ కోర్సు ఎప్పుడు అని అడిగి, ఎనిమిది గడుల పట్టిక గీసుకోండి. కాలేజీ ఎంచుకునేటప్పుడు కూడా కేటలాగు చూసి మోసపోకండి, కేటలాగులో ఉన్నవన్నీ ప్రతి ఏడాదీ చెప్పరు. గత నాలుగు సెమిస్టర్ల టైమ్‌టేబుల్ చాలా కాలేజీల సైట్లలో దొరుకుతుంది. మీ సబ్జెక్టులో నిజంగా ఏం చెప్పారో అది చూడండి. పొరుగు కాలేజీల్లో కోర్సు తీసుకునే ఏర్పాటు ఉందా అన్నది కూడా చూడండి. ఆమ్‌హర్స్ట్, స్మిత్, మౌంట్ హోలియోక్, మసాచుసెట్స్ యూనివర్సిటీ లాంటివి కలిసి అలాంటి ఒప్పందం నడుపుతున్నాయి. కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్ కాలేజీలైతే పక్కపక్కనే ఉంటాయి.

ఇంజినీరింగ్ కావాలంటే స్వార్థ్‌మోర్, స్మిత్, లాఫాయెట్, హార్వీ మడ్ లాంటి కొన్నింట్లో నేరుగా ఉంది. మిగతా కాలేజీలు త్రీ-టూ ప్లాన్ అని చెప్తాయి. మూడేళ్లు ఇక్కడ, రెండేళ్లు ఒక పెద్ద ఇంజినీరింగ్ స్కూల్లో, రెండు డిగ్రీలు. వినడానికి బాగుంటుంది. ఆ చివరి రెండేళ్లకు విదేశీ విద్యార్థికి స్కాలర్‌షిప్ వస్తుందని హామీ చాలాచోట్ల లేదు. ఆ మాట కాగితం మీద లేకపోతే దాన్ని నమ్ముకుని చేరకండి.

డబ్బు విషయానికి వద్దాం. పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ట్యూషన్, హాస్టల్, తిండి కలిపి ఏడాదికి 80 వేల డాలర్లు దాటింది. మన లెక్కలో డెబ్భై లక్షల పైమాట. ఈ అంకె చూసి వెంటనే లేచి వెళ్లిపోకండి, ఆ మొత్తం కట్టేవాళ్లు అందరూ కాదు. కానీ "స్కాలర్‌షిప్ వస్తుందిలే" అని గుడ్డిగా వెళ్లే దారి కూడా కాదు.

సహాయం రెండు రకాలు. మెరిట్ చూసి ఇచ్చేది, కుటుంబ ఆదాయం చూసి ఇచ్చేది. విలియమ్స్, ఆమ్‌హర్స్ట్ లాంటివి మెరిట్ స్కాలర్‌షిప్పులు ఇవ్వవు, అవసరాన్ని బట్టే ఇస్తాయి. అడ్మిషన్ ఇస్తే లెక్కకు తేలిన అవసరం మొత్తం తీరుస్తాయి. అయితే విదేశీ విద్యార్థి సహాయం అడిగాడా లేదా అన్నది చూడకుండా అడ్మిషన్ తేల్చే కాలేజీలు చాలా తక్కువ. ఆమ్‌హర్స్ట్, బౌడన్ అలాంటివి. మిగతా దాదాపు అన్నిచోట్లా, ఎక్కువ సహాయం అడిగితే పోటీ పెరుగుతుంది. కెంటకీలోని బెరియా కాలేజీ దారి వేరు. ట్యూషన్ ఫీజే తీసుకోదు, ప్రతి విద్యార్థీ వారానికి కనీసం పది గంటలు కాలేజీలో పని చేయాలి. విదేశీయులకు సీట్లు మాత్రం చాలా కొద్ది.

ఒక కాలేజీ విదేశీ విద్యార్థులకు నిజంగా ఎంత ఇస్తోందో ఎలా తెలుస్తుంది? ప్రతి ఏడాదీ చాలా కాలేజీలు కామన్ డేటా సెట్ అనే పత్రం విడుదల చేస్తాయి. కాలేజీ పేరు, ఈ మూడు మాటలు కలిపి వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. తెరిచి నేరుగా హెచ్6 అన్న చోటికి వెళ్లండి. అక్కడ మూడు అంకెలు ఉంటాయి. ఎంతమంది విదేశీ విద్యార్థులకు సహాయం ఇచ్చారు, సగటున ఒక్కొక్కరికి ఎంత, మొత్తం ఎంత. కాలేజీ ఖర్చు 82 వేలు, సగటు సహాయం 30 వేలు అనుకుందాం. అంటే 52 వేల డాలర్లు, సుమారు 45 లక్షలు, ప్రతి ఏడాదీ ఇంటినుంచి రావాలి. అదే సగటు 70 వేలుంటే కథ వేరు. అంతటితో ఆగకండి. సహాయం పొందినవాళ్ల సంఖ్యను మొత్తం విదేశీ విద్యార్థుల సంఖ్యతో పోల్చండి, అది బీ విభాగంలో దొరుకుతుంది. సగటు పెద్దదే కానీ అందుకున్నది పన్నెండు మందే అయితే అది నలుగురికీ అందే సహాయం కాదు. ఐ విభాగంలో తరగతుల సైజులు ఉంటాయి. ఇరవై మందిలోపు తరగతులు ఎన్ని, యాభై దాటినవి ఎన్ని అన్నది అక్కడే చూడాలి. బ్రోషర్‌లో చెట్టు కింద కూర్చున్న ఫొటో కన్నా ఈ పత్రం మీకు ఎక్కువ చెప్తుంది.

సహాయానికి సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఆన్‌లైన్ ఫారం నింపాలి, కుటుంబ ఆదాయం, ఆస్తులు అందులో చెప్పాలి. మొదటి కాలేజీకి 25 డాలర్లు, ఆ తర్వాత ఒక్కోదానికి 16 డాలర్ల దాకా ఫీజు ఉంటుంది. ఫీజు మినహాయింపు ఉందేమో కాలేజీని మెయిల్‌లో అడగండి. ఐటీ రిటర్నులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్లు సిద్ధం చేసుకోండి. వ్యవసాయ కుటుంబాలకు ఇక్కడ చిక్కు. పొలం విలువ కోట్లలో కనిపిస్తుంది, చేతికొచ్చే ఆదాయం లక్షల్లో కూడా ఉండదు. పాస్‌బుక్‌లో ఎవరి పేరున ఎంత ఉందో, కౌలు ఎంతో, పంట అప్పు ఎంతో, అమ్మితే బతుకుదెరువే పోతుందన్న సంగతీ వివరణ రాసే చోట సూటిగా రాయండి. తాతగారి పేరున ఉన్న పొలాన్ని నాన్నగారి ఆస్తిగా చూపించకండి. ఉన్నది దాచనూ దాచకండి.

తల్లిదండ్రులు దయచేసి వినండి. అడ్మిషన్ సమయంలో సహాయం అడగకపోతే, విదేశీ విద్యార్థులు తర్వాతి ఏళ్లలో అడగడానికి చాలా కాలేజీలు ఒప్పుకోవు. "ముందు సీటు రానీ, తర్వాత చూద్దాం" అని ఆ గడిలో లేదు అని టిక్ పెట్టిన కుటుంబాలు రెండో ఏడాది భూమి అమ్ముకునే పరిస్థితికి వస్తున్నాయి. అవసరం ఉంటే మొదటిరోజే అడగండి.

ఇంకొకటి, చాలామందికి తెలియని ఖర్చు. స్కాలర్‌షిప్‌లో ట్యూషన్‌కు పోయే భాగం మీద పన్ను లేదు. హాస్టల్, తిండికి పోయే భాగం మీద ఎఫ్-1, అంటే విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు 14 శాతం పన్ను పట్టుకుంటారు. ఏడాదికి ఆ భాగం 18 వేల డాలర్లు అనుకుంటే 2,520 డాలర్లు మీ ఖాతాలో బాకీగా కనిపిస్తుంది. భారతీయ విద్యార్థులకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఇండియా, అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం కింద మనవాళ్లు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు, చాలా దేశాల విద్యార్థులకు అది లేదు. 2024 సంవత్సరానికి అది 14,600 డాలర్లు. వేరే ఆదాయం లేకపోతే మిగిలే 3,400 మీద పది శాతం, 340 డాలర్లే అసలు పన్ను. మిగతా 2,180 వెనక్కి రావాలి. 1040-ఎన్ఆర్ అనే పన్ను రిటర్ను దాఖలు చేస్తేనే వస్తుంది. కాలేజీలు ఇచ్చే పన్ను సాఫ్ట్‌వేర్‌లో దేశం ఇండియా అని సరిగ్గా పడిందో లేదో చూసుకోండి. వీటితో పాటు ఆరోగ్య బీమా, విమానం టిక్కెట్టు, డిసెంబరులో హాస్టల్ మూసే వారాల్లో ఉండటానికి చోటు, మిన్నెసోటా, అయోవా చలికి కోటు, బూట్లు కూడా లెక్కలో వేయండి. కాంపస్‌లో వారానికి పది గంటలు, గంటకు 13 డాలర్ల చొప్పున 28 వారాలు పని చేస్తే 3,640 డాలర్లు వస్తాయి. చేతిఖర్చులకు సరిపోతుంది, ఫీజుకు కాదు. సెమిస్టర్ నడుస్తుండగా వారానికి ఇరవై గంటలు దాటకూడదు.

చిన్న కాలేజీలు మూతపడుతున్న మాట కూడా దాచకుండా చెప్పాలి. వెర్మాంట్‌లో గ్రీన్ మౌంటెన్ కాలేజీ 2019లో మూతపడింది. న్యూయార్క్ రాష్ట్రంలో 1868 నుంచి ఉన్న వెల్స్ కాలేజీ 2024 ఏప్రిల్ చివర్లో ప్రకటించి ఆ సెమిస్టర్‌తోనే తలుపులు వేసేసింది. అదే ఏడాది మే 31న అలబామాలో బర్మింగ్‌హామ్ సదరన్ మూతపడింది. కారణం దాదాపు ఒకటే, చేరేవాళ్లు తగ్గారు, నిధి చిన్నది, డిస్కౌంట్లు ఇచ్చి ఇచ్చి ఫీజు ఆదాయం పడిపోయింది. మీకు పెద్ద మెరిట్ స్కాలర్‌షిప్ ఇస్తున్న, పేరు వినని కాలేజీ అయితే ఐదేళ్ల విద్యార్థుల సంఖ్య చూడండి. వరసగా తగ్గుతుంటే జాగ్రత్త. ఎండోమెంట్‌ను, అంటే కాలేజీ శాశ్వత నిధిని విద్యార్థుల సంఖ్యతో భాగించండి. కాలేజీలకు గుర్తింపు ఇచ్చే అక్రిడిటేషన్ సంస్థ సైట్‌లో ఆ కాలేజీ పేరు పక్కన ప్రొబేషన్, హెచ్చరిక లాంటి మాటలున్నాయేమో చూడండి. లాభాపేక్ష లేని కాలేజీలు ప్రభుత్వానికి ఇచ్చే ఫారం 990 ఎవరైనా చదవొచ్చు, వరసగా మూడేళ్లు లోటు ఉందేమో అందులో కనిపిస్తుంది.

దరఖాస్తు సంగతి త్వరగా చెప్తాను. కామన్ యాప్, అంటే చాలా కాలేజీలకు ఒకేచోట నుంచి దరఖాస్తు పెట్టే సైట్, ఆగస్టు 1న తెరుచుకుంటుంది. వ్యాసం 650 పదాలు దాటకూడదు. ఎర్లీ డెసిషన్ గడువు నవంబరు 1 లేదా 15, మామూలు గడువు జనవరి మొదటి రెండు వారాలు. సరిగ్గా మన ఇంటర్ ప్రాక్టికల్స్, ప్రీ-ఫైనల్స్ వేళ. అందుకే వ్యాసాలు ఇంటర్ రెండో ఏడాది మొదలయ్యే జూన్, జులైలోనే పూర్తిచేయండి. ఎర్లీ డెసిషన్ కట్టుబడే ఒప్పందం, సీటు ఇస్తే అక్కడే చేరాలి. ఇచ్చిన సహాయం సరిపోకపోతే విడుదల అడగొచ్చు, కానీ వేరే కాలేజీలతో పోల్చుకునే అవకాశం ఉండదు.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా నాలుగేళ్ల మార్కులు కావాలి. తొమ్మిదో తరగతి మార్కులు ఏ మెమోలోనూ ఉండవు, పాత స్కూలుకు వెళ్లి లెటర్‌హెడ్ మీద తెచ్చుకోవాలి. ఇది ఆఖరి వారానికి పెడితే ఆ స్కూలుకు సెలవులుంటాయి. మన జూనియర్ కాలేజీల్లో కౌన్సెలర్ ఉండరు, ప్రిన్సిపాల్ ఆ పాత్ర తీసుకోవచ్చు. కాలేజీ పేరుతో ఉన్న మెయిల్ నుంచి పంపితే మంచిది. సెక్షన్‌లో వందమంది ఉంటే లెక్చరర్‌కు మీరు గుర్తుండకపోవచ్చు. మీరు తరగతిలో ఏం అడిగారు, ఏ లెక్క వేరేలా చేశారు అన్నవి ఒక పేజీ రాసి ఇవ్వండి. లేఖ మాత్రం వారే రాయాలి. మీరే రాసి సంతకం పెట్టించుకుంటే, మీ వ్యాసంలోని ఇంగ్లిషూ ఆ లేఖలోని ఇంగ్లిషూ ఒకటేనని చదివేవాళ్లు పట్టేస్తారు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి: కంప్యూటర్ సైన్స్ చదివితే ఉద్యోగాలు వస్తాయా అండీ?)

వస్తాయి, కానీ కంపెనీలు కాంపస్‌కు వచ్చి వందల మందిని తీసుకెళ్లే పద్ధతి ఉండదు. పూర్వ విద్యార్థులకు మెయిల్ రాసి, కెరీర్ ఆఫీసు వెంటపడి తెచ్చుకోవాలి. మొదటి వేసవి ప్రొఫెసర్ దగ్గర పరిశోధన చేయండి, ఎనిమిది పది వారాలు, స్టైపెండ్ ఉంటుంది. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే వేసవి పరిశోధన సీట్లు అమెరికా పౌరులకు, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్లకే. కాబట్టి కాలేజీ సొంత నిధి ఉందా అని అడగాలి. డిగ్రీ అయ్యాక ఓపీటీ, అంటే విద్యార్థి వీసా మీదే ఉద్యోగం చేసే అనుమతి, ఒక ఏడాది; స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీ అయితే ఇంకో 24 నెలలు. ఎకనామిక్స్ తీసుకునేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. అక్కడ ప్రతి డిగ్రీకి ఒక ప్రభుత్వ కోడ్ ఉంటుంది, మీ కాలేజీ ఆ డిగ్రీని 45.0601 కోడ్ కింద పెడితే అది స్టెమ్ కాదు. 45.0603, అంటే ఎకనోమెట్రిక్స్, క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ కింద పెడితే స్టెమ్. చదువు దాదాపు ఒకటే, రెండేళ్ల తేడా. రిజిస్ట్రార్‌ను ఇప్పుడే మెయిల్‌లో అడగొచ్చు. ఈ నిబంధనలు మారుతుంటాయి, అప్పటికి ఏముందో ప్రభుత్వ సైట్‌లో చూసుకోండి.

(సభ నుంచి: మా అమ్మాయిది బైపీసీ. అక్కడ డిగ్రీ చేసి డాక్టర్ కావచ్చా?)

అమెరికాలో మెడిసిన్ డిగ్రీ తర్వాతే మొదలవుతుందమ్మా. కానీ విదేశీ విద్యార్థులను తీసుకునే మెడికల్ స్కూళ్లు తక్కువ, ఖర్చు చాలా ఎక్కువ, కొన్నిచోట్ల మొత్తం ఫీజు ముందే చూపించమంటారు. డాక్టరే కావాలనుకుంటే ఇక్కడ నీట్ దారే మేలు. బయాలజీలో పరిశోధన ఇష్టమైతే మాత్రం ఆ కాలేజీలు చాలా మంచివి. స్వార్థ్‌మోర్, రీడ్, కార్ల్‌టన్ లాంటి చోట్ల నుంచి పీహెచ్‌డీకి వెళ్లేవాళ్ల నిష్పత్తి పెద్ద యూనివర్సిటీల్లో చాలావాటికన్నా ఎక్కువ.

(సభ నుంచి: ఒక సబ్జెక్టు కష్టమైతే వదిలేయొచ్చా సార్?)

మొదటి ఒకటి రెండు వారాల్లో మార్చుకోవచ్చు, ట్రాన్‌స్క్రిప్టులో ఏమీ పడదు. ఆ తర్వాత వదిలితే డబ్ల్యూ, అంటే మధ్యలో వదిలేసినట్టు గుర్తు పడుతుంది. ఒక డబ్ల్యూ వల్ల పెద్ద నష్టం లేదు, ఎఫ్, అంటే ఫెయిల్ కన్నా ఎంతో నయం. కానీ ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఫుల్ టైమ్ కంటే తగ్గకూడదు, సాధారణంగా పన్నెండు క్రెడిట్లు. నాలుగు కోర్సుల్లో ఒకటి వదిలినా చాలాచోట్ల మూడు సరిపోతాయి. రెండోది వదలాలంటే ముందు ఇంటర్నేషనల్ ఆఫీసుకు వెళ్లి అనుమతి రాయించుకోవాలి. అర్ధరాత్రి పోర్టల్‌లో డ్రాప్ నొక్కేసి మర్నాడు వెళ్తే వాళ్లు కూడా ఏమీ చేయలేని పరిస్థితి వస్తుంది. ఆరోగ్యం బాగాలేక వదిలితే డాక్టర్ లేఖతో తగ్గించుకునే వీలుంది, అదీ ముందే అడగాలి. మొదటి మిడ్‌టర్మ్‌లో మార్కులు తగ్గిన రోజే ప్రొఫెసర్ దగ్గరికి ఆ ఆన్సర్ పేపర్ పట్టుకుని వెళ్లండి. ఇరవై మంది తరగతిలో మీరు ఎక్కడ తప్పారో ఆయనకు గుర్తుంటుంది, ఇంకా ఎనిమిది వారాలు మిగిలి ఉంటాయి.